సుద్దగీత దగ్గర టైంకీపరు

కళ్లు మూసుకుని కూర్చోమని, ముప్పై సెకన్లు అయ్యాయనిపించినప్పుడు చెయ్యెత్తమంటే చాలామంది ఇరవై రెండు, ఇరవై నాలుగు దగ్గరే ఎత్తేస్తారు. కాకినాడలో జిల్లా బాక్సింగ్ పోటీలకు టైంకీపర్లుగా వచ్చే కొత్తవాళ్లందరికీ నేను ముందు ఈ పరీక్షే పెట్టేవాణ్ని. ఇందులో నెగ్గితే చాలు, ఈ పనికి పనికొస్తామని వాళ్లు అనుకునేవారు. అది సగం నిజం. మిగతా సగం నాకు అంతకు చాలా ముందే బహ్రెయిన్‌లో తెలిసింది. కానీ అది ఎలా తెలిసిందో ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. దగ్గర చూపు మందగించింది. స్టాప్‌వాచీ మీద పదో వంతు అంకెలు రెండుగా కనిపిస్తున్నాయి కాబట్టి పని మానేశాను. నా తర్వాత గంట దగ్గర కూర్చునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఎన్ని పోటీలకు పని చేశాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. నేను నిజంగా టైంకీపర్ని అయింది ఒకే ఒక్క శుక్రవారం నాడు. అది చెప్పాలంటే అంతకు రెండేళ్ల ముందు నుంచి మొదలుపెట్టాలి.

గేటు దగ్గర కుర్చీ

నాది కోనసీమ. పదో తరగతి తప్పాను. రాజమండ్రిలో ఒక కలప డిపోలో దుంగలు కొలిచే పని దొరికింది. పొడవు, చుట్టుకొలత చూసి ఎన్ని ఘనపుటడుగులో చెప్పాలి. నేర్పేవాళ్లు లేరు. పాత లెక్కల పుస్తకం చివర ఉన్న పట్టికలు చూసి నేనే నేర్చుకున్నాను. రెండేళ్లు తిరిగేసరికి పట్టిక చూడకుండా చెప్పగలిగాను.

తొంభైల మొదట్లో బహ్రెయిన్ వెళ్లింది మాత్రం కూలీగానే. మీనా సల్మాన్‌లో ఓడల మరమ్మతు షెడ్డు. ఇనుప రేకులు మోసే పని. ఒక నెలాఖరున ఓవర్‌టైం గంటలు తేలక ఫోర్‌మన్ కాగితాలు విసిరేస్తుంటే, నేను పక్కనే నిలబడి నలభై మంది గంటలూ నోటితో కూడి చెప్పాను. ఆయన మూడుసార్లు సరిచూసుకున్నాడు. మర్నాటి నుంచి నన్ను గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అన్నది రాయడమే పని. గల్ఫులో ఆ పని పేరే టైంకీపరు.

షెడ్డు సూపర్‌వైజరు డోలన్ అనే అమెరికా మనిషి. అరవైకి దగ్గరగా ఉండేవాడు. ఎర్రటి మెడ, విరిగి అతికిన ముక్కు. నన్ను పేరు పెట్టి పిలవడం ఆయనకు రాలేదు. “క్లాక్” అనేవాడు. ఒక గురువారం సాయంత్రం గేటు దగ్గర ఆగి అడిగాడు:

“క్లాక్, రేపు సెలవురోజు ఏం చేస్తావు?”

“బట్టలు ఉతుక్కుంటాను సార్.”

“ఉతుక్కున్నాక రా. నీ వాచీతో పనుంది.”

డోలన్ తెచ్చిన నియమాలు

శుక్రవారం పొద్దున్న గోదాముల వెనక ఉత్త చేతులతో ముష్టియుద్ధాలు జరుగుతాయని నాకు అప్పటివరకు తెలియదు. పఠాన్లు, పంజాబీలు, ఫిలిప్పీన్సువాళ్లు, మన తెలుగువాళ్లు వచ్చేవారు. క్యాంపుల్లో వారమంతా రగిలిన తగాదాలు కొన్ని అక్కడ తేలేవి. కొన్ని ఉత్త పందెం పోట్లాటలు. గెలిచినవాడికి బాస్మతి బస్తా, ఒక్కోసారి మేకపోతు. పోలీసులకు తెలిస్తే అందరూ లోపలికే. కాబట్టి ఏడింటికి మొదలుపెట్టి, జుమ్మా నమాజు అజాన్ వినిపించేలోగా ముగించి చెదిరిపోవాలి.

అంతకుముందు అది ఉత్త కొట్లాట. దానికి నియమాలు తెచ్చింది డోలన్. అవి ఆయన సొంతం కావు. వందేళ్ల కిందట అమెరికాలో ఉత్త పిడికిళ్లతో పందేలు కట్టి కొట్టుకునే రోజుల్లోవి. ఆయన ముత్తాత ఓడరేవులో మూటలు మోసేవాడట, ఆ పందేల్లో దిగేవాడట. అప్పట్లో అక్కడా అది నేరమే. జనాన్ని ఎక్కడికో చెప్పకుండా రైలెక్కించి ఊరి బయట దింపేవారట. పడవల మీద, నది మధ్య ఇసకతిన్నెల మీద గోదా కట్టేవారట. ఈ ఒడ్డు పోలీసు వస్తే ఆ ఒడ్డుకు దాటేయడానికి. మనిషి పిడికిళ్లను ఉప్పునీళ్లలో నానబెట్టి గట్టిపరుచుకునేవాడట. డోలన్ ఇవన్నీ చెబుతుంటే నాకు మా వైపు కోడిపందేలు గుర్తొచ్చేవి.

నియమాలు ఇవి. గోదా మధ్యలో సుద్దతో ఒక గీత. ఇద్దరూ గీతకు అటూ ఇటూ నిలబడి మొదలుపెట్టాలి. ఒకడి మోకాలో చెయ్యో నేలకు తగిలితే రౌండు అయిపోయినట్టు. అంటే రౌండుకు ఇన్ని నిమిషాలని లేదు. పది సెకన్లు కావచ్చు, పది నిమిషాలు కావచ్చు. పడ్డాక ముప్పై సెకన్ల విశ్రాంతి. ఆ కాసేపు తోడు మనిషి తన మోకాలి మీద కూర్చోబెట్టుకుని నీళ్లు పడతాడు. ముప్పై కాగానే టైంకీపరు కేక వేయాలి. అక్కడి నుంచి ఎనిమిది సెకన్ల లోపల మనిషి ఎవరి సాయమూ లేకుండా నడిచి గీత దగ్గరికి రావాలి. రాలేకపోతే ఓడిపోయినట్టు. మొత్తం ఇన్ని రౌండ్లని కూడా లేదు. ఒకడు గీత దగ్గరికి రాలేకపోయేదాకా సాగుతుంది.

ఇంకో నియమం ఉంది. దెబ్బ తగలకుండా విశ్రాంతి కోసం కావాలని పడితే అది మోసం, ఓడినట్టే. కాలు జారి పడితే తప్పు లేదు. ఇది గుర్తుంచుకోండి.

డోలన్ మధ్యవర్తి. నేను టైంకీపరు. నా అంతట నేను ఒక పుస్తకం పెట్టాను. రౌండు సంఖ్య, ఎంతసేపు జరిగింది, ఎవరు పడ్డారు, దెబ్బకా జారా, ఎనిమిదిలో ఎన్నో సెకనుకు గీత చేరారు. ఇవి అయిదు వరసలు. ఎవరూ రాయమనలేదు.

“ఇదంతా ఎందుకు?” అని డోలన్ అడిగాడు.

“అంకె కనిపిస్తే రాయకుండా ఉండలేను సార్.”

ఒకసారి అడిగాను, మీ ముత్తాత చివరికి ఏమయ్యాడు సార్ అని. “నలభై దాటాక టోపీ నెత్తిన పెట్టుకుని ఇల్లంతా టోపీ కోసం వెతికేవాడట” అన్నాడు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

నోటి లెక్క

నా మొదటి తప్పు రెండో వారంలోనే జరిగింది. నోటితో లెక్కపెట్టడంలో నాకు గొప్ప నమ్మకం. వాచీ జేబులో ఉంచుకుని, పడ్డ మనిషిని చూస్తూ ఒకటి, రెండు అనుకుంటూ పోయాను. ఒక పంజాబీ గీతకు అడుగు దూరంలో ఉండగా ఎనిమిది అనేశాను. అతను ఓడిపోయాడు. గొడవ చేయలేదు. “బాబూ, తేరీ గిన్‌తీ బహుత్ తేజ్ హై” అని మాత్రం అన్నాడు. నా లెక్క మరీ పరుగెడుతోందని.

డోలన్ నన్ను పక్కకు తీసుకెళ్లి తన స్టాప్‌వాచీ నా చేతిలో పెట్టాడు. “ఇప్పుడు ముప్పై లెక్కపెట్టు” అన్నాడు. పెట్టాను. వాచీలో ఇరవై అయిదు.

“ఇందాక ఇంకా తక్కువై ఉంటుంది. నీ గుండె పరుగెత్తింది, నువ్వు దాన్ని లెక్కపెట్టావు. మనిషిని చూశావు కాబట్టే అలా అయింది. మనిషిని చూడటం నా పని. రౌండు నడుస్తున్నంతసేపు నువ్వు మోకాళ్లు చూడు. పడగానే వాచీ చూడు. ముఖం చూడకు. ముఖం చూస్తే జాలిపడతావు.”

మంచి సలహా. అక్షరాలా పాటించాను. ఆ తర్వాత నా లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. దాదాపు రెండేళ్లు ఎన్నో జతల మోకాళ్లు చూశాను, ఏ ముఖమూ చూడలేదు. పై అధికారి చెప్పిన మంచి మాట కూడా అవసరానికి మించి పాటిస్తే ఏమవుతుందో ఇక చెబుతాను.

మల్లేశం

మల్లేశంది జగిత్యాల వైపు. వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానిని, అంటే కఫీల్‌ను వదిలేసి బయట పని చేసుకునే మనిషి. జిదాఫ్స్‌లో కట్టే ఇళ్లకు సిమెంటు బస్తాలు ఎక్కించేవాడు. సన్నగా, చురుగ్గా ఉండేవాడు. శుక్రవారాల్లో నాలుగుసార్లు దిగి నాలుగుసార్లూ గెలిచాడు. హూరాలో మా గదికి మూడు గదుల అవతల అతని ఊరివాడు నర్సయ్య ఉండేవాడు. అందుకని తరచు వచ్చేవాడు.

నా కోనసీమ యాస అంటే అతనికి తమాషా.

“సత్తెన్నా, మీ దిక్కు పిల్లిని గూడ ‘రండి’ అని పిలుస్తరట గదా?”

“పిల్లిని పిలవం. నీలాంటి వాణ్ని పిలుస్తాం.”

“అయితె పిలువు మరి. చాయ్ పొయ్యిమని గూడ చెప్పు.”

అతను ఇల్లు వదిలి నాలుగేళ్లు. వచ్చిన ఆరు నెలలకు కూతురు పుట్టింది. ఇంటి నుంచి మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు వచ్చేవి. ఇతనూ పంపేవాడు. ఆ పిల్ల టేపురికార్డర్‌నే నాయిన అనుకుంటోందని, దానికి అన్నం ముద్ద పెడుతోందని ఒక క్యాసెట్లో భార్య చెప్పింది. అందరికీ వినిపించి నవ్వించాడు. కఫీల్‌ను వదిలినవాడికి కంపెనీ టికెట్టు రాదు. సొంతంగా కొనుక్కుని వెళ్దామంటే చేతిలో ఏదీ నిలవడం లేదు.

ఆ ఏడాది మార్చిలో ముగ్గురు గోదాము కాంట్రాక్టర్లు కలిసి పెద్ద పందెం పెట్టారు. గెలిచినవాడికి సొంతూరికి విమానం టికెట్టు. ఒకవైపు మల్లేశం. రెండోవైపు ఫిరోజ్ అనే పఠాన్, గొలుసులతో ఇనుము ఎత్తే పనివాడు. ఇద్దర్నీ రేకుల కాటా మీద నేనే తూచాను. ఫిరోజ్ పన్నెండు కిలోలు ఎక్కువ.

ముందురోజు మల్లేశం అడిగాడు: “సత్తెన్నా, కింద పడితె ముప్పయి సెకన్లు దొరుకుతయి గదా?”

“దెబ్బ తగలకుండా పడితే ఓడిపోయినట్టే.”

“జారితె?”

“జారితే తప్పు లేదు.”

“గట్లయితె జారుడు నేర్సుకోవాలె” అని నవ్వాడు. నేనూ సరదాగానే తీసుకున్నాను, కానీ మనసులో రాసుకున్నాను.

ఇరవై మూడు రౌండ్లు

ఏడుంపావుకు మొదలైంది. మొదటి ఎనిమిది రౌండ్లు మల్లేశానివే. ఆరుసార్లు ఫిరోజ్ పడ్డాడు, రెండుసార్లు ఇద్దరూ కలిసి పడ్డారు. ఉత్త చేతుల పోట్లాటలో తెలివైనవాడు తల మీద ఎక్కువ కొట్టడు. తల ఎముక గట్టిది, చెయ్యి విరుగుతుంది. మల్లేశం డొక్కల మీదే కొట్టాడు. ఫిరోజ్‌కు ఆ లెక్క లేదు. అతని చేతులు పెద్దవి.

తొమ్మిదో రౌండులో ఫిరోజ్ పిడికిలి మల్లేశం చెవి వెనక తగిలింది. మల్లేశం మోకాళ్లు నేలకు తగిలాయి. “దెబ్బ” అని రాశాను. పన్నెండో రౌండులో వెల్లకిలా పడ్డాడు. తల కాంక్రీటుకు తగిలిన చప్పుడు నాకు వినిపించింది. “దెబ్బ” అని రాశాను. రెండుసార్లూ ఎనిమిదిలో మూడో సెకనుకే గీత దగ్గర ఉన్నాడు.

పదిహేనో రౌండులో నా చూపు మామూలుగానే మోకాళ్ల మీద ఉంది. ఫిరోజ్ కాళ్లు దూరంగా ఉన్నాయి. దెబ్బ చప్పుడు లేదు. మల్లేశం మోకాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. అవతలి పక్క నుంచి సరిగ్గా కనిపించక డోలన్ కేక వేశాడు:

“క్లాక్! దెబ్బా, జారాడా?”

నిన్నటి మాట గుర్తొచ్చింది. విశ్రాంతి కోసం కావాలనే పడ్డాడని అనుకున్నాను. దెబ్బ లేదని చెబితే మోసం కింద పోట్లాట అక్కడితో ఆగిపోతుంది, టికెట్టు పోతుంది. ఆలోచించడానికి ఒక సెకను కూడా పట్టలేదు.

“జారాడు సార్” అన్నాను. పుస్తకంలోనూ అదే రాశాను.

అప్పటివరకు ఆ పుస్తకంలో ఒక్క అబద్ధం లేదు. మనవాడు కదా అని రాసిన మొదటి అబద్ధం అది. తర్వాత పదిహేడు, పద్దెనిమిది, ఇరవై రౌండ్లలోనూ అదే రాశాను. ప్రతిసారీ అతను ఎనిమిదిలో ఏడో సెకనుకు గీత చేరేవాడు. ఏడు, ఏడు, ఏడు. ఆ వరస చూసి నాకు ముచ్చటేసింది. ఉన్న ఎనిమిదిలో ఏడు వాడుకుని ఒక్కటే వదులుతున్నాడు, ఎంత లెక్క తెలిసినవాడు అనుకున్నాను. తోడు మనిషి నర్సయ్య ప్రతిసారీ అయిదో సెకనుకు వెనక నుంచి రెండు చేతులతో నెడుతున్నాడని తర్వాత తెలిసింది. నేను వాచీ చూస్తున్నాను. డోలన్ చూసి కూడా ఊరుకున్నాడు. పాత రోజుల్లో మోసుకొచ్చి నిలబెట్టేవారు, ఇదేం పెద్ద తప్పు అనుకున్నానని తర్వాత తనే చెప్పాడు.

ఇరవై మూడో రౌండు. ఇద్దరూ గీత దగ్గరికి వచ్చారు. వాచీ నొక్కి మోకాళ్ల మీద చూపు పెట్టాను. ఫిరోజ్ కాళ్లు కదల్లేదు. నాలుగు సెకన్లు. తొమ్మిది. పదకొండు. చుట్టూ జనం అరుస్తున్నారు.

“మార్ నా ఫిరోజ్, యల్లా!”

“మల్లిగా, గుద్దురా! నిలవడ్డడు సూడు బేకారోడు!”

అప్పుడు ఫిరోజ్ గొంతు వినిపించింది. అతను మాట్లాడుతున్నది మల్లేశంతో కాదు, నాతో.

“బాబూ, ఘడీ ఛోడ్. ఇస్కా ముఁహ్ దేఖ్.”

వాచీ వదిలి ఇతని ముఖం చూడమంటున్నాడు. తలెత్తాను.

మల్లేశం పిడికిళ్లు సరిగ్గానే ఎత్తి పట్టుకున్నాడు. కానీ అతను ఫిరోజ్ వైపు తిరిగి లేడు. మూలనున్న నీళ్ల డ్రమ్ము వైపు తిరిగి ఉన్నాడు. ఒక కంటి పాప చుక్కలా ఉంది. రెండోది కన్నంతా నిండి నల్లగా ఉంది. నోరు ఒక పక్కకు జారింది. కాలి బొటనవేలితో నేల మీద గీత కోసం వెతుకుతున్నాడు. గీత అతని పాదం కిందే ఉంది.

“కొట్టు, లేదా గీత వదిలి ఓడిపో” అని ఫిరోజ్ మీద అరిచాడు డోలన్.

“హార్ గయా తో హార్ గయా సాబ్. మైఁ నహీఁ మారూఁగా.” ఓడితే ఓడాను, నేను మాత్రం కొట్టను అన్నాడు. చేతులు దించేశాడు.

పోట్లాట ఆపే అధికారం టైంకీపరుకు లేదు. మధ్యవర్తికి ఉంది, తువ్వాలు విసిరితే తోడు మనిషికి ఉంది. కానీ వాచీ నడవకపోతే రౌండు లేదు. నేను వాచీ ఆపేశాను.

“ఖలాస్” అన్నాను. మొదటిసారి ఎవరికీ వినిపించలేదు. రెండోసారి అరిచాను.

“ఏం చేస్తున్నావు క్లాక్?”

“ఆపేశాను సార్.”

మల్లేశం నా గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. “గీత మీదనే ఉన్న గద సత్తెన్నా” అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. ఆ తర్వాత పడిపోయాడు.

తడి లేని నేల

పెద్దాసుపత్రికి తీసుకెళ్దామంటే నర్సయ్య అడ్డం పడ్డాడు.

“వద్దు సారూ. వీనికి కాయితాలు లెవ్వు. ఆస్పత్రిల పోలీసులుంటరు. జరసేపు పండుకుంటె లేస్తడు.”

“లేవడు నర్సయ్యా.”

“నీకెట్ల తెలుసు? నువ్వేమన్న డాక్టరువా?”

“ముఖం చూశాను.”

“తువ్వాల ఏద్దామనుకున్న సారూ. వాడు నాతోని ఒట్టు పెట్టించుకుండు. ఏస్తె నేను సచ్చినట్టె అన్నడు.” అని తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

మల్లేశం కాళ్లు ఫిరోజ్, భుజాలు నేను పట్టుకుని డోలన్ పికప్ వెనక ఎక్కించాం.

ఆసుపత్రిలో కేరళ డాక్టరమ్మ ఒకరు మల్లేశం కళ్లలోకి లైటు వేసి చూసి, వెంటనే తల స్కానుకు పంపింది. బయటికి వచ్చి నన్ను హిందీలో అడిగింది: ఎప్పుడు తగిలింది, ఎన్నిసార్లు తగిలింది, ఎప్పటి నుంచి తేడాగా ఉన్నాడు.

“రాసి ఉంది మేడమ్” అని పుస్తకం ఇచ్చాను. తెలుగులో ఉన్న వరసలన్నీ వేలు పెట్టి చదివి చెప్పాను. ఆమె పదిహేను దగ్గర ఆపింది.

“జారడం అంటే?”

“కాలు జారి పడ్డాడు మేడమ్.”

“మళ్లీ పదిహేడు, పద్దెనిమిది, ఇరవై. నేల తడిగా ఉందా?”

“లేదు మేడమ్.”

“నూనె ఉందా?”

“లేదు. పొడి కాంక్రీటు.”

“పొడి నేల మీద నాలుగుసార్లు ఎలా జారాడు?”

ఆమె నా ముఖం వైపు చూసి, కోపం లేకుండానే అంది: “పదిహేను దగ్గర అతని కాళ్లు పట్టు తప్పాయి. తలలో రక్తం అప్పటికే చేరుతోంది. ఏడుంపావు నుంచి మీ వరసలు కూడితే అది ఎన్ని గంటలకో కూడా తేలుతుంది. ఆపరేషన్ చేసేవాళ్లకు ఈ టైము పనికొస్తుంది.” పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లబోతూ ఆగింది. “ఇంత బాగా రాశారు. ఒక్కసారి చదువుకోలేదా?”

ఇన్నేళ్ల పనిలో నాకు చాలామంది చాలా చెప్పారు. ఆ ప్రశ్న దగ్గరికి ఏదీ రాలేదు.

నేను అబద్ధం రాయకపోతే ఏం జరిగేదో లెక్క సులువే. దెబ్బ లేకుండా పడ్డాడు అని నిజం చెప్పి ఉంటే అతను మోసగాడన్న పేరుతో ఓడిపోయేవాడు. టికెట్టు పోయేది, నా మీద ఏడాది అలిగేవాడు. పోట్లాట మాత్రం అక్కడితో ఆగేది. నిజం చెప్పినా నేను అతన్ని అపార్థమే చేసుకునేవాణ్ని, కానీ నా అపార్థమే అతన్ని కాపాడేది. మేలు చేద్దామని పుస్తకంలో వేసిన ఒక్క మాట అతన్ని మళ్లీ మళ్లీ గీత దగ్గరికి పంపింది.

డోలన్ గంటసేపు పికప్‌లోనే స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. పారిపోతాడనుకున్నాను. లోపలికి వచ్చి పోలీసు రాసుకునే చోట తన పేరు తనే చెప్పాడు. “మధ్యవర్తిని నేను. వీళ్లంతా నా మాట మీద వచ్చారు.” నెల తిరక్కుండా కంపెనీ ఆయన్ని అమెరికా పంపేసింది. వెళ్లేముందు గేటు దగ్గర ఆగి ఒక్క మాట అన్నాడు: “మా ముత్తాత టోపీ సంగతి చెప్పినప్పుడు నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను.” ఆయన చెడ్డవాడని నేను అనను. ముత్తాత నియమాలన్నీ నేర్చుకుని, ముత్తాత గురించి మాత్రం ఏమీ నేర్చుకోలేదు.

ఆ తర్వాత మీనా సల్మాన్‌లో శుక్రవారం పోట్లాటలు జరగలేదు. జరిగినా నన్ను పిలవలేదు.

మీకు చెప్పదలచుకున్నది

ఇప్పుడు మీరు పని చేసే పోటీలు వేరు. గ్లవ్స్ ఉన్నాయి, రౌండుకు నిమిషాలున్నాయి, గోదా పక్కన డాక్టరు ఉంటాడు. అందుకని ప్రమాదం తగ్గిందని నిశ్చింతగా ఉండకండి. గ్లవ్ కాపాడేది ముఖ్యంగా కొట్టేవాడి చేతిని. చెయ్యి విరగదని తెలిస్తే తల మీద దెబ్బలు ఎక్కువవుతాయి.

వాచీ మీద మీ చూపు ఎంత అవసరమో అంతే ఉండనివ్వండి. రౌండుకూ రౌండుకూ మధ్య దొరికే నిమిషంలో సగం వాచీకి ఇవ్వండి, సగం స్టూలు మీద కూర్చున్నవాడి ముఖానికి ఇవ్వండి. నీళ్లు ఇస్తే సీసా అందుకుంటున్నాడా, చెయ్యి గాలిలో వెతుకుతోందా చూడండి. తేడా కనిపిస్తే రిఫరీకి చెప్పండి. “అది నీ పని కాదు” అంటారు. నన్ను చాలాసార్లు అన్నారు, ఒకసారి పోటీ మధ్యలో కుర్చీలోంచి లేపేశారు కూడా. లేచి, నిలబడి చెప్పాను.

జారాడు అని రాయాల్సి వస్తే రౌండు అవగానే వెళ్లి నేలను చేత్తో తడిమి చూడండి. నేను ఇరవై ఏళ్లు అలాగే చేశాను. పిల్లలు వెనక నవ్వుకునేవారు. నవ్వుకోనిచ్చాను.

మీ ఊరివాడో, మీ భాష వాడో గోదాలో ఉన్నప్పుడు మీ పుస్తకం మరొకరికి ఇచ్చి పక్కకు తప్పుకోండి. శత్రువు విషయంలో తప్పు రాయడానికి చెయ్యి వణుకుతుంది. మనవాడి విషయంలో వణకదు.

అవుట్‌పాస్ వచ్చిన రోజు

మల్లేశం బతికాడు. ఆసుపత్రిలో నలభై ఒక్క రోజులు ఉన్నాడు. నేను వీలైనప్పుడల్లా వెళ్లేవాణ్ని. ఫిరోజ్ ప్రతి శుక్రవారం నారింజలు తెచ్చి మంచం పక్కన పెట్టి, కూర్చోకుండా వెళ్లిపోయేవాడు. మొదట్లో మల్లేశానికి ఏ మాటా అందేది కాదు. చెంచాను చూపించి “గది... గది...” అనేవాడు. తర్వాత మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఎడమ చెయ్యి సరిగ్గా లేవలేదు. కాగితాలు లేవు కాబట్టి పాస్‌పోర్టు బదులు ఒక్కసారి దేశం దాటడానికి పనికొచ్చే అవుట్‌పాస్ ఎంబసీ నుంచి ఇచ్చి పంపేస్తున్నారు. టికెట్టు కూడా వాళ్లే ఇచ్చారు.

వెళ్లే రోజు పొద్దున్న వార్డులో కలిశాను. గుండు మీద కుట్లు చెవి పై నుంచి వెనక దాకా ఉన్నాయి. చొక్కా గుండీలు నర్సయ్య పెట్టాడు. కిందకు దిగి టాక్సీ చూస్తానని వెళ్లాడు. ఇద్దరమే ఉన్నాం.

“సత్తెన్నా, గెలిచింది ఎవలు? నర్సిగాన్ని అడిగితె ఏడుస్తడు, చెప్పడు.”

“ఎవరూ గెలవలేదు. నేను ఆపేశాను.”

“ఎన్నో రౌండుల?”

“ఇరవై మూడు.”

మాటలు కూడదీసుకోవడానికి అతనికి అప్పట్లో చాలాసేపు పట్టేది.

“ఎన్నో రౌండుల ఆపాల్సుండె?”

ఆ ప్రశ్న నన్ను మరెవరూ అడగలేదు. పోలీసులు అడగలేదు, డోలన్ అడగలేదు. అబద్ధం చెప్పడానికి వీలుంది. ఎప్పుడైనా ఒకటే అనొచ్చు, ఎవరికి తెలుస్తుంది అనొచ్చు.

“పదిహేనులో. నువ్వు దెబ్బ తగలకుండా పడ్డావు. జారావని రాశాను.”

“నాటకం అనుకున్నవా?”

“అవును.”

అతను నన్ను చాలాసేపు చూశాడు. నేను తల తిప్పుకోలేదు. తర్వాత కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో వేళ్ల కణుపులు ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. మధ్యలో ఒకసారి తప్పి మళ్లీ మొదటికి వచ్చాడు. పెదవులు కదులుతున్నాయి. నేను సాయం చేయలేదు.

“ఎనిమిది” అన్నాడు చివరికి. “ఎనిమిది రౌండ్లు ఎక్కువ ఆడిపించినవ్.”

లెక్క సరిగ్గానే ఉంది. అదే మాట అతనికి చెప్పాను.